జిన్సెంగ్ తవ్వాలంటే నా సంతకం కావాలట

వెస్ట్ వర్జీనియాలో బెక్లీకి కాస్త ఎడంగా మేం ఇల్లు కొన్నప్పుడు, ఇంటి వెనక నలభై ఎకరాల కొండవాలు కొసరుగా వచ్చింది. మా ఆయనకు ఆసుపత్రి డ్యూటీలు, నాకు లెక్కల పని, పిల్లలకు బడి. కొండెక్కే తీరిక ఎవరికుంది? ఆ వాలులో డబ్బు కాసే మొక్క ఉందని మాకు చెప్పింది పక్కింటి పెద్దాయన. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. మేం సామాన్లు దించుకున్న కొద్ది రోజులకే వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "పాత ఓనరు నన్ను మీ కొండ మీద సాంగ్ తవ్వుకోనిచ్చేవాడమ్మా. మీరు కూడా ఒక కాగితం రాసిస్తే..." అని నసిగాడు.

సాంగ్ అంటే జిన్సెంగ్, చైనా వాళ్లు మందుగా వాడే అడవి గడ్డ. ఈ కొండల్లో అందరూ అలాగే అంటారు. ఫోన్లో మా అమ్మకు ఈ సంగతి చెబితే, "అడివిలో గడ్డ తవ్వుకోను కాగితమేందే, వింత కాకపోతే!" అంది. నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత రూల్సు చదివాను. లెక్కల మనిషిని కదా, రూల్సు పుస్తకం దొరికితే ఊరుకోలేను.

ఇంకొకరి భూమిలో జిన్సెంగ్ తవ్వాలంటే ఈ రాష్ట్రంలో యజమాని రాతలో అనుమతి ఇవ్వాలి. తవ్వేటప్పుడు ఆ కాగితం తవ్వేవాడి దగ్గరే ఉండాలి. సెప్టెంబరు 1 నుంచి నవంబరు 30 దాకానే సీజను. ఐదేళ్లు నిండని మొక్కను, మూడు రెమ్మలు రాని మొక్కను ముట్టుకోకూడదు. మొక్కకున్న ఎర్రపండ్లను తవ్విన చోటే పాతిపెట్టాలి. తవ్వేవాడికి సర్కారు లైసెన్సంటూ ఏమీ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్లు, లెక్కల పుస్తకాలు, ఆ తలనొప్పి మొత్తం కొనే డీలరు నెత్తిన పెట్టారు.

పెద్దాయన వెంట మొదటిసారి పైకి వెళ్లినప్పుడు నాకు అసలు మొక్కే కనబడలేదు. ఉత్తరం వైపు వాలు, పెద్ద పెద్ద పోప్లార్లు, మేపుల్ చెట్లు, కింద ఎప్పుడూ ఆరని ఆకుచెత్త. ఆయన నిలబడి చూపుడు వేలు అలా పెట్టి ఉంచాడు. కాసేపటికి గాని నా కన్ను పట్టలేదు. మోకాలి ఎత్తు కాడ. పైన ఒకే చోటి నుంచి నాలుగు వైపులా నాలుగు రెమ్మలు. ఒక్కో రెమ్మకు ఐదేసి ఆకులు, మూడు పెద్దవి, రెండు బుల్లివి. నడిమధ్య ఎర్రటి పండ్ల గుత్తి. ఒకటి కనబడ్డాక పక్కన ఇంకో నాలుగు కనబడ్డాయి. అంతకు ముందు వాటి మీదుగానే నడిచి ఉంటాను.

ఆయన తవ్వే పద్ధతి చూడాలి. ముందు పండ్లన్నీ కోసి జేబులో వేసుకున్నాడు. కాడ మొదట్లో మట్టిని వేళ్లతో తీసి గడ్డ మెడ ఎక్కడుందో చూశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరుతో జానెడు దూరం నుంచి చుట్టూ మట్టి గుల్ల చేసి, గడ్డను కొనవేళ్లతో సహా మెల్లిగా పైకి తీశాడు. తీసి నా అరచేతిలో పెట్టాడు. గడ్డ పైన సన్నటి మెడ ఒకటి ఉంటుంది. ఏటా చలికాలానికి కాడ చచ్చిపోయి, ఊడిన చోట మెడ మీద ఒక మచ్చ మిగులుతుంది. వచ్చే ఏడు దాని పైన ఇంకోటి, అటొకటి ఇటొకటిగా. తాటిచెట్టు మీద మట్టల గుర్తులున్నట్టు ఉంటాయి, కాకపోతే భూతద్దం పెట్టుకోవాలనిపించేంత చిన్నవి. నాలుగు మచ్చలుంటే మొక్కకు ఐదో ఏడు నడుస్తున్నట్టు. నా చేతిలో ఉన్నదానికి ఆయన గోటితో లెక్కపెట్టి పదకొండు అన్నాడు.

చట్టం రాసినవాళ్లకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. చేపల వేటలో వయసు తేల్చడానికి నానా తంటాలు పడతారు. ఇక్కడ సరుకే తన పుట్టిన తేదీ మెడలో వేసుకుని మార్కెట్టుకు వస్తుంది. అందుకే మెడ విరిగిన గడ్డ తెస్తే డీలరు మొహం చిట్లిస్తాడు. హాంకాంగ్‌లో కొనేవాళ్లకు కూడా పొడుగు మెడే మోజు. ఎంత ముసలి గడ్డయితే అంత ధర.

తర్వాత ఆయన జేబులోంచి పండ్లు తీశాడు. ఒక్కొక్కటీ నొక్కితే లోపల ఒకటో రెండో తెల్లటి బిళ్లల్లాంటి గింజలు. తవ్విన గుంటను పూడ్చి, చుట్టుపక్కల వేలితో పొడిచి ఒక్కో గింజనూ లోపలికి తోసి పైన ఆకులు కప్పాడు. ఆ గింజ వచ్చే వసంతానికి మొలవదు, ఆ పై వసంతానికి మొలుస్తుంది. మొలిచిన ఏడు మూడాకులే వేస్తుంది. కాయ కాయాలంటే ఇంకా కొన్నేళ్లు.

వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో జేమ్స్ మెక్‌గ్రా అనే శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు ఈ మొక్క మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్ల లెక్కల్లో తేలిందేమిటంటే, పండ్లు పండాక తవ్వి, గింజల్ని రెండు సెంటీమీటర్ల లోతులో పాతితే ఆ చోటున్న మొక్కల గుంపు తగ్గదు, పెరిగే అవకాశం కూడా ఉంది. పండకముందే తవ్వినా, గింజల్ని నేల మీద విసిరేసినా గుంపు కరిగిపోతుంది. అంటే మొత్తం ఆ వేలిపోటు మీదే ఆధారపడి ఉంది. ఆ వేలిపోటును తనిఖీ చేసే అధికారి ఈ దేశంలో ఎక్కడా లేడు, ఉండే వీలూ లేదు.

సరుకు అమ్మేటప్పుడు చూడాలని ఒకసారి ఆయనతో డీలరు దగ్గరికి కూడా వెళ్లాను. పాత షెడ్డు. అదే మనిషి చలికాలంలో జంతువుల తోళ్లు కొంటాడు, వేసవిలో ఇంకేవో మందువేర్లు కొంటాడు. బల్ల మీద గడ్డలు పరిచి, ఒక పీచువేరు విరిచి టప్పుమందా లేదా అని విన్నాడు. ఆరకపోతే మెత్తగా వంగుతుంది. గడ్డ మీద ముడతల రింగులు ఎంత దగ్గరగా ఉన్నాయో చూశాడు. ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, రిజిస్టరు తీసి పేరు, చిరునామా, తేదీ, తూకం, ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) తవ్వాడో రాసుకున్నాడు. పచ్చి గడ్డ మూడు పౌండ్లు ఎండితే ఒక పౌండు మిగులుతుంది. ఎండిన అడవి గడ్డకు ఏడాదిని బట్టి పౌండుకు ఐదారు వందల డాలర్లు పలుకుతుంది, కొన్నేళ్లలో ఎనిమిది వందల దాకా వెళ్లింది. అదే విస్కాన్సిన్‌లో మారథాన్ కౌంటీలో నీడపరదాల కింద పొలంలో పండించే జిన్సెంగ్‌కు అందులో పదోవంతు రావడం కూడా కష్టమే. అది బొద్దుగా నున్నగా ఉంటుంది, చూసీచూడగానే తెలిసిపోతుంది.

మార్చి 31 దాటాక తవ్వినవాడి ఇంట్లో గడ్డలు మిగిలి ఉంటే, రాష్ట్ర అటవీ విభాగం దగ్గరికి తీసుకెళ్లి తూయించి రసీదు తీసుకోవాలి. డీలరు రాష్ట్రం దాటించాలంటే ఆ విభాగం సర్టిఫికెట్ కావాలి. దేశం దాటించాలంటే కేంద్ర ప్రభుత్వ వన్యప్రాణి శాఖ, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్, పర్మిట్ కావాలి. అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం పేరు సైటిస్. అమెరికన్ జిన్సెంగ్ 1975 నుంచి దాని రెండో అనుబంధంలో ఉంది, అంటే పర్మిట్ ఉంటేనే ఎగుమతి. అడవి జిన్సెంగ్ ఎగుమతికి 19 రాష్ట్రాలకే ఆమోదం. గడ్డగా ఉన్నా, ముక్కలుగా ఉన్నా రూలు వర్తిస్తుంది. పొడి చేసి మాత్రల్లో నింపితే, టీ పొట్లం చేస్తే వర్తించదు! (మా ఆయనకు ఈ మొక్క మీద ఆసక్తి ఆ మాత్రల దగ్గరే మొదలవుతుంది. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వేసుకునే పేషెంట్లు చెప్పాపెట్టకుండా జిన్సెంగ్ మొదలుపెడితే మందు ప్రభావం తగ్గుతుందని ఆయన గోల.)

సీజను అనేది సర్కారు కనిపెట్టిన పీడ అని ఇక్కడ కొందరంటారు. చరిత్ర అలా చెప్పడం లేదు. 1716లో లఫిటో అనే ఫ్రెంచి మిషనరీ కెనడాలో మాంట్రియల్ దగ్గర ఈ మొక్కను గుర్తించాడు. చైనాలో ఉన్న ఇంకో పాద్రీ రాసిన ఉత్తరం చదివి వెతికాడు. మొహాక్ స్త్రీ ఒకావిడకు చూపిస్తే, తమకు రోజూ తెలిసిన మందేనంది. అక్కణ్నుంచి చైనాకు ఓడలు నడిచాయి. 1750ల మొదట్లో ధర ఆకాశాన్నంటింది. జనం పొలాలు వదిలేసి అడవిలో పడ్డారు, వసంతంలోనే తవ్వారు, నీడలో ఆరబెట్టే ఓపిక లేక పొయ్యిల్లో కాల్చి ఎండబెట్టారు. ఆ సరుకు చూసి చైనా వ్యాపారులు వద్దన్నారు. కొన్నాళ్లలోనే కెనడా జిన్సెంగ్ వ్యాపారం కుప్పకూలింది. మనిషి ఆశ ఏ నెలలో మొదలవుతుందో చట్టానికంటే ముందు కెనడా వాళ్లకే తెలిసొచ్చింది. 1784లో అమెరికా నుంచి చైనాకు వెళ్లిన మొదటి వ్యాపార నౌక ‘ఎంప్రెస్ ఆఫ్ చైనా’ న్యూయార్కులో బయల్దేరినప్పుడు అందులో దాదాపు 30 టన్నుల జిన్సెంగ్ ఉంది. అన్నేసి టన్నుల గడ్డలు ఏ కొండల నుంచి దిగి ఉంటాయో ఊహించుకుంటే, మా వాలులో ఇప్పుడు మొక్క వెతుక్కోవాల్సి రావడంలో వింతేం లేదు.

ఇక నాకు మింగుడుపడని సంగతి. గడ్డ వయసు చెబుతుంది గాని, ఏ కొండ మీద పుట్టిందో చెప్పదు. రిజిస్టరులో కౌంటీ పేరు తవ్వినవాడు చెప్పిందే. ఒక ఏడు ఆగస్టులో, సీజను ఇంకా తెరవకముందే, కింది రోడ్డు వైపు నుంచి ఎవరో మా వాలులోకి వచ్చి ఒక గుంపు మొత్తం ఊడ్చేశారు. రెండు రెమ్మల పిల్లమొక్కల్ని కూడా వదల్లేదు. పచ్చికాయలు అక్కడే తొక్కి పడేసి ఉన్నాయి. ఆ పచ్చికాయల్ని పాతినా లాభం లేదు. ఆ గడ్డలు ఇంట్లో ఆరబెట్టి సెప్టెంబరులో కాటా మీద పెడితే, వాటిలో ఐదేళ్లు దాటినవన్నీ చక్కగా చట్టబద్ధమైన సరుకుగానే చలామణీ అవుతాయి. పెద్దాయన ఆ గుంటలు చూసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ పార్కులో దీనికి ఒక విరుగుడు పట్టారు. నార్త్ కెరొలైనా వ్యవసాయ శాఖలో పనిచేసిన జిమ్ కార్బిన్ 1990లలో గడ్డలకు ప్రత్యేకమైన రంగు పూసే పద్ధతి తయారుచేశాడు. నేలలో ఉండగానే గడ్డకు రంగు పడుతుంది, కడిగినా పోదు. ఆ గడ్డ డీలరు బల్ల మీద తేలితే ఏ పార్కులో పుట్టిందో తెలిసిపోతుంది. దొంగల్ని కోర్టుకు లాగారు, పట్టుబడ్డ గడ్డల్ని రేంజర్లు తిరిగి నాటారు. నాకు బాగా నచ్చిన పని అది. కానీ నలభై ఎకరాల్లో నేను ఎన్ని గడ్డలకు రంగు పూయగలను?

సర్కారు భూముల్లో తవ్వడం మీద నిషేధాలు పెరుగుతున్నాయి. మా పక్కనే ఉన్న న్యూ రివర్ గోర్జ్ పార్కులో తవ్వకూడదు. రాష్ట్ర పార్కుల్లో, రాష్ట్ర అడవుల్లో తవ్వకూడదు. నార్త్ కెరొలైనాలో నాంటహేలా, పిస్గా జాతీయ అడవుల్లో 2021 నుంచి పర్మిట్లు ఆపేశారు. అవన్నీ అవసరమే, కాదనను. కాకపోతే గని మూతపడ్డ ఊళ్లో, బడి తెరిచే ముందు పిల్లల బట్టలకీ క్రిస్మస్ ఖర్చుకీ గడ్డ డబ్బు మీద ఆశ పెట్టుకున్న మనిషి తవ్వడం మానేయడు. మా వాలు వైపు తిరుగుతాడు. అంటే రేపటి జిన్సెంగ్ అంతా ప్రైవేటు కొండల మీదే బతకాలి, చావాలన్నా అక్కడే. దాని బాధ్యత ఎవరి చేతిలో ఉందంటే, అనుమతి కాగితం మీద సంతకం పెట్టే నాలాంటివాళ్ల చేతిలో.

కానీ మేమేం చేస్తున్నాం? అవునో కాదో చెప్పి ఊరుకుంటున్నాం. నాకు తెలిసిన మన తెలుగు డాక్టర్ల కుటుంబాల్లో, ఈ రాష్ట్రంలో కొండలూ అడవులూ కొనుక్కున్నవాళ్లు చాలామందే ఉన్నారు. జిన్సెంగ్ గురించి అడిగితే ఒకరు "ఎవరొచ్చినా వద్దంటాను, ఇన్సూరెన్సు గొడవ" అంటారు. ఇంకొకరు "తవ్వుకోనీలెండి పాపం" అంటారు. వద్దన్న కొండను దొంగలు ఆగస్టులోనే ఊడుస్తారు, ఎందుకంటే అక్కడ కాపలా కాసే మనిషి లేడు. ఊరకే ఇచ్చిన అనుమతి చట్టం చెప్పిన ఐదేళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఐదేళ్ల మొక్క అప్పుడప్పుడే కాయ పట్టే వయసులో ఉంటుంది. ఆ సంగతి ఫెడరల్ వాళ్లకూ తెలుసు. 2005లో ఎగుమతికి పదేళ్ల వయసుండాలని పెట్టి, మరుసటి ఏడే మళ్లీ ఐదుకు దిగారు.

మరి యజమాని కాగితానికి ఆ బెరుకు అక్కర్లేదు కదా. నా భూమి, నా షరతులు. అందుకే పెద్దాయనకు నేను మొదట రాసిచ్చిన మూడు వాక్యాల అనుమతి కాస్తా ఇప్పుడు ఒక పేజీ అయింది. ఆ ఒక్క సీజనుకే చెల్లుతుంది. తొమ్మిది మచ్చలకు తక్కువున్న మెడ కనబడితే మట్టి కప్పేసి వదిలేయాలి. తేదీ ఏదైనా సరే, పండు ఎర్రబడని మొక్కను తాకకూడదు. ప్రతి గుంపులోనూ అన్నిటికంటే పెద్ద మొక్కను ఉంచేయాలి. గింజలు మా కొండ దాటకూడదు. వెంట ఇంకెవరినీ తీసుకురాకూడదు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, "ఇందులో సగం మా అమ్మ చెప్పినవే" అని సంతకం పెట్టాడు. డబ్బులో వాటా ఇస్తానన్నాడు. వద్దన్నాను. వాటా తీసుకుంటే నాకూ తూకం మీద ఆశ పుడుతుంది, అప్పుడు తొమ్మిది మచ్చల రూలు ఏడుకు దిగడానికి ఎంతోసేపు పట్టదు.

కడప జిల్లా మనిషిని కాబట్టి ఎర్రచందనం గుర్తుకు రాకుండా ఉండదు. అదీ ఇదీ సైటిస్‌లో ఒకే అనుబంధంలో ఉన్నాయి. కానీ అక్కడ చెట్టుకూ పక్క ఊరివాడికీ మధ్య చట్టబద్ధమైన దారి ఏదీ కనబడదు, కూలికి గొడ్డలి పట్టినవాడు జైల్లో తేలతాడు. ఇక్కడ పెద్దాయన లాంటివాడు కాగితం జేబులో పెట్టుకుని తలెత్తుకుని తవ్వుతాడు, దొంగ కనబడితే ఆయనే ముందు ఫోను చేస్తాడు. ఈ తేడా చిన్నది కాదు.

అయితే చట్టం చూపు ఎంత ఇరుకో కూడా చెప్పాలి. రెండు రెమ్మల మొక్క తవ్వినవాడికి జరిమానా ఉంది. బొగ్గు కోసం కొండ తలనే పేల్చి పక్క లోయలో పోస్తే, ఆ కొండ మీద ఉన్న జిన్సెంగ్ లెక్క ఎవరూ అడగరు. మా కౌంటీలోనే అలాంటి బోడికొండలు ఉన్నాయి. పెద్దాయన చిన్నప్పుడు సాంగ్ తవ్విన వాలు ఒకటి ఇప్పుడు అసలు లేదు, చూపించడానికి ఆకాశం వైపు వేలు పెట్టాల్సి వచ్చింది.

ఇక జింకలు. ఇందాక చెప్పిన మెక్‌గ్రా, ఫ్యూరెడి అనే ఇంకొకరు కలిసి 2005లో ‘సైన్స్’ పత్రికలో రాసిన లెక్క ప్రకారం, జింకలు ఇలాగే మేస్తూ పోతే ఒక గుంపులో 800 మొక్కలైనా ఉంటే తప్ప వందేళ్లు నిలవడం అనుమానమే. వాళ్లు చూసిన గుంపులన్నీ అంతకంటే చిన్నవే. మా గుంపుల గురించి చెప్పనే అక్కర్లేదు, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పక్షి తింటే గింజ ఎక్కడో ఒకచోట పడుతుంది. జింక మాత్రం ఆకూ కాయా కలిపి నమిలేస్తుంది, దాని కడుపులో గింజ బతకదు.

అందుకని ఈ ఏడు పెద్దాయనకు రెండో కాగితం కూడా రాసిచ్చాను, జింకల వేటకు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ వారంలో సోమవారం తుపాకుల సీజను మొదలవుతుంది. ఇంట్లో మాంసం ముట్టని మనిషిని నేను, మా అత్తగారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. షరతు ఒకటే పెట్టాను: ఆ రెండు వారాలు కొండ మీద ఎవరూ గడ్డలు తవ్వకూడదు, ఆయనతో సహా. మిగతా రూల్సు వేటశాఖ వాళ్లవే, అవి చదవడం ఇప్పుడే మొదలుపెట్టాను.